ఆయుధం పట్టని ధర్మయోధుడు

భగవద్గీత ఆరంభమయ్యేది యుద్ధభూమిలో. ఆ భూమినే వ్యాసమహర్షి ధర్మక్షేత్రమని పేర్కొన్నాడు. గీతను ఎన్నడూ తెరచి చూడని వ్యక్తి ఎవరైనా, హిందువుల పవిత్రగ్రంథం సొంత బంధువులనే చంపమని బోధిస్తున్నదని అంటే మన మనస్సు ఎంతగా నొచ్చుకుంటుంది! గీత చెప్పిన అసలు శత్రువులు కామక్రోధాలని, కురుక్షేత్రం మన హృదయంలోనే ఉన్నదని, ఇంద్రియాలనే గుర్రాలను అదుపు చేయమని కఠోపనిషత్తు కూడా చెప్పిందని వెంటనే వివరిస్తాం. ఒక్క మాటను తెంపి తీసుకుని ధర్మమంతటినీ తూచడం న్యాయం కాదంటాం. ఆ న్యాయాన్ని మనం ఇతరులకు కూడా ఇస్తున్నామా?

కొంతకాలం క్రితం మా ఆలయంలో గీతాప్రవచనం ముగిశాక ఒక యువకుడు లేచి నిలబడ్డాడు. మన యుద్ధం లోపలిది సరే, ముస్లింల జిహాద్ మాత్రం ఇతరులను చంపమని చెప్పేదే కదా అని అడిగాడు. సభలో చాలామంది తలలూపారు. ఆనాడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఆ పదానికి అర్థమేమిటో నేనూ అంతవరకు విచారించలేదు. నాలుగు దశాబ్దాలుగా శబ్దార్థాలను విచారించడమే వృత్తిగా గలవాణ్ణి, ఒక శబ్దాన్ని విచారించకుండానే దానిపై అభిప్రాయం ఏర్పరచుకున్నానే అని ఆ రాత్రి సిగ్గు కలిగింది. తర్వాతి వారం ఆ యువకుడికి వాదనతో కాక, ఒక మహనీయుని జీవితంతో సమాధానం చెప్పాను. ఆయనే సరిహద్దు గాంధీగా మన పెద్దలందరికీ తెలిసిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్.

శబ్దం, దాని అర్థం

ముందుగా ఆ పదం సంగతి చూద్దాం. అరబీ భాషలో జిహాద్ అనే శబ్దం శ్రమించడం, గట్టిగా ప్రయత్నించడం అనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టింది. మన భాషలో యత్ ధాతువు నుండి యత్నం వచ్చింది. మోక్షానికై యత్నించేవాడు యతి అయ్యాడు. అక్కడ ఆ ప్రయత్నం చేసేవాడు ముజాహిద్. యుద్ధానికి, పోరుకు అరబీలో వేరే పదాలున్నాయి. దైవమార్గంలో నడవడానికి, తనలోని దుర్గుణాలను అణచడానికి, అన్యాయాన్ని ఎదిరించడానికి చేసే ప్రయత్నమంతా జిహాద్ పరిధిలోకి వస్తుంది. మనస్సుతో చేసే పోరాటమే గొప్ప జిహాద్ అని సూఫీ గురువులు తరతరాలుగా బోధించారు.

ఆ పదానికి యుద్ధమనే అర్థం కూడా ఉన్నది. దానిని దాచనక్కరలేదు. మహమ్మద్ ప్రవక్త మక్కాలో సుమారు పదమూడేళ్లు హింసను, అవమానాలను సహిస్తూనే ధర్మబోధ గావించారు. మదీనాకు వలస వెళ్లిన తర్వాతనే, అన్యాయానికి గురై ఇళ్ల నుండి గెంటివేయబడిన వారికి పోరాడే అనుమతి లభించిందని ఖురాన్ చెబుతుంది. ఆ సందర్భంలోనే క్రైస్తవ, యూదు ప్రార్థనాలయాల రక్షణ ప్రస్తావన కూడా ఉన్నది. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని, ఫలవృక్షాలను నరకరాదని, మఠాలలో తపస్సు చేసుకునే వారిని ముట్టరాదని తొలి ఖలీఫా అబూబకర్ తన సేనానికి ఆజ్ఞాపించినట్లు వారి సంప్రదాయం చెబుతుంది. సూర్యాస్తమయం తర్వాత ఆయుధం పట్టరాదని, ఆయుధం విడిచినవాణ్ణి కొట్టరాదని మన ధర్మయుద్ధ నియమాలు చెప్పినట్లే అదీ ఒక కట్టుబాటు. ఆ నియమాలను కురుక్షేత్రంలోనే మనవారు ఉల్లంఘించారు. అట్లే వారి చరిత్రలోనూ రాజులు రాజ్యవిస్తరణకు ఆ పదాన్ని వాడుకున్నారు. నియమాన్ని ఉల్లంఘించినవారి దోషాన్ని నియమానికి అంటగట్టడం శాస్త్రసమ్మతం కాదు.

ఇక మన బాధ సంగతి. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో గోకుల్ చాట్ వద్ద, లుంబినీ పార్కులో జరిగిన పేలుళ్లలో నలభై మందికి పైగా అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ రక్తం చిందింది. ఆ తల్లుల కడుపుకోత అబద్ధం కాదు. ఆ ఘాతుకాలను క్షమించమని ఎవరూ అడగరు. అయితే, ఆ దుర్మార్గులు తమ పనికి తగిలించుకున్న పేరును మనమూ నిజమని ఒప్పుకుంటే, వారు కోరుకున్న గౌరవాన్ని మనమే వారికి చేతులారా ఇచ్చినట్లవుతుంది. ఆ పేరుకు అసలు యోగ్యుడెవరో తెలియాలంటే గఫార్ ఖాన్ చరిత్ర వినాలి.

పగను వదలిన ఇంట పుట్టి

గఫార్ ఖాన్ 1890లో పెషావర్‌కు సమీపంలోని ఉత్మాన్‌జై గ్రామంలో జన్మించారు. నాడు అది బ్రిటిష్ ఇండియాలో వాయవ్య సరిహద్దు ప్రాంతం. నేడు పాకిస్థాన్‌లో ఉన్నది. తండ్రి బెహ్రామ్ ఖాన్ ఆ ఊరి పెద్ద, భూస్వామి. పఠాన్లకు ఆతిథ్యం ఎంత పవిత్రమో, పగ తీర్చుకోవడం కూడా అంతటి కులధర్మం. తాత కాలంలో జరిగిన హత్యకు మనుమడు బదులు తీర్చుకునేవాడు. ప్రతి ఇంట తుపాకి ఉండేది. అటువంటి సమాజంలో బెహ్రామ్ ఖాన్ తన శత్రువులనందరినీ క్షమించి, ఎవరితోనూ పగ లేని మనిషిగా పేరు పొందారు. తల్లి అక్షరాలు నేర్వకపోయినా, దైవచింతనలో మునిగి ఉండే ఇల్లాలు. నమాజు ముగించి చాలాసేపు నిశ్శబ్దంగా కూర్చుండిపోయే తల్లిని చూస్తూ ఆ బిడ్డ పెరిగాడు.

పెషావర్‌లోని మిషన్ పాఠశాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. ఆరడుగులకు మించిన ఎత్తు, దృఢమైన శరీరం గల ఆ యువకునికి గైడ్స్ అనే ప్రసిద్ధ సైనికదళంలో అధికారి పదవి లభించింది. పఠాన్ యువకునికి అంతకు మించిన గౌరవం లేదు. కాని ఆ దళంలోనే పనిచేస్తున్న తన మిత్రుణ్ణి ఒక ఆంగ్లేయ అధికారి కళ్లెదుటే అవమానించడం చూశారు. ఆత్మగౌరవాన్ని అమ్ముకునే కొలువు తనకు వద్దని ఆ క్షణమే నిశ్చయించుకున్నారు. అన్నగారు ఖాన్ సాహెబ్ వలె ఇంగ్లండు వెళ్లి చదవాలనుకున్నా, రెండో కొడుకును కూడా దూరం చేసుకోలేని తల్లి కన్నీటికి తలవంచి ఆగిపోయారు.

1910లో, ఇరవయ్యేళ్ల వయస్సులో, సొంత ఊరిలో పాఠశాల తెరిచారు. తమ జాతి పగల్లో పడి నశించడానికి అజ్ఞానమే మూలమని ఆయన విశ్వాసం. పిల్లలు చదువుకుంటే ప్రశ్నిస్తారని ఆంగ్లప్రభుత్వానికి భయం. చదువుకుంటే మతం చెడుతుందని కొందరు ముల్లాలకు భయం. ఈ రెండు వ్యతిరేకతల నడుమ ఆయన దారి వెదికారు. ఒక దశలో ఏమి చేయాలో తోచక, బాజౌర్ కొండల్లో ఒక చిన్న మసీదులో ఉపవాసదీక్ష వహించి, ప్రార్థనలో దినాలు గడిపారు. మన మునులు అరణ్యానికి వెళ్లినట్లే అది ఆయన తపస్సు. ఆ దీక్షలో ఆయనకు లభించిన సంకల్పం ఒక్కటే. దేవునికి మన సేవ అక్కరలేదు, ఆయన సృష్టికి సేవ చేయడమే ఆయనకు సేవ అని. మాధవసేవను మానవసేవలో చూసిన మనకు ఈ భావం కొత్తది కాదు.

ఆ తర్వాత ఊరూరా కాలినడకన తిరిగారు. ప్రజలు ఆయనను ప్రేమతో బాద్‌షా ఖాన్ అని పిలవసాగారు. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సభ జరిపినందుకు ఆయనను బంధించారు. ఆ భారీకాయానికి సరిపోయే సంకెళ్లు జైలులో లేవు. చిన్న సంకెళ్లనే బలవంతంగా బిగించగా కాళ్లు కోసుకుపోయి రక్తం కారింది. 1921లో మళ్లీ మూడేళ్ల కఠినశిక్ష. ఒంటరి గది, తిరగలి విసరడం, అర్ధాకలి. ఆ చెరసాలల్లోనే హిందువులు, సిక్కులు ఆయనకు తోటి ఖైదీలయ్యారు. గురుగ్రంథసాహెబును ఆయన శ్రద్ధగా చదివారు. తర్వాతి కారాగారవాసంలో తోటి ఖైదీ అయిన ఒక పండితుని దగ్గర భగవద్గీతను అర్థం చేసుకున్నారు. ఖురాన్‌ను, గీతను కలిపి చదివే తరగతులు ఆ ఖైదీల మధ్య సాగాయి. సాటి మనిషి ధర్మాన్ని తెలుసుకోవడానికి ఆయన చెరసాలను కూడా సద్వినియోగం చేసుకున్నారు. స్వేచ్ఛగా తిరిగే మనకు ఆ తీరిక లేదు!

దైవసేవకుల సైన్యం

1929 నవంబరులో ఆయన స్థాపించిన సంస్థ పేరు ఖుదాయీ ఖిద్మత్‌గార్. అనగా దైవసేవకులు. దానిలో చేరేవారు దేవుని సాక్షిగా ప్రమాణం చేయాలి. హింసకు పాల్పడను, పగ తీర్చుకోను, నన్ను బాధించినవారిని క్షమిస్తాను, రోజుకు కనీసం రెండు గంటలు సమాజసేవ చేస్తాను అని ఆ ప్రతిజ్ఞల సారాంశం. తెల్లబట్టలు త్వరగా మాసిపోతున్నాయని ఇటుకరంగు అద్దుకున్నారు. అందువల్ల ఎర్రచొక్కాల వారని పేరు వచ్చింది. సైన్యం వలె కవాతు, క్రమశిక్షణ, సేనాధిపతులు అన్నీ ఉన్నాయి. ఆయుధం మాత్రం లేదు. హిందువులు, సిక్కులు కూడా అందులో చేరారు. ఉద్యమం ఉచ్చస్థితిలో సభ్యులు లక్ష వరకు ఉన్నారని అంచనా.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. గఫార్ ఖాన్ అహింసను గాంధీజీ నుండి అరువు తెచ్చుకోలేదు. గాంధీజీ అంటే ఆయనకు అపారమైన గౌరవమే. కాని తన పఠాన్లకు అహింసను బోధించినప్పుడు ఆయన ఆధారంగా చూపినది ప్రవక్త జీవితాన్నే. మక్కాలో పదమూడేళ్లు ప్రవక్త చూపిన సహనమే ముస్లిం చేతిలోని గొప్ప ఆయుధమని, దానిని మనం మరచిపోయామని ఆయన ప్రజలకు గుర్తు చేశారు. వారి భాషలో దానిని సబర్ అంటారు. మన శాస్త్రాలు చెప్పే తితిక్ష అదే. అంటే ఇస్లాంను వదలి కాదు, ఇస్లాంలో నిలబడే ఆయన అహింసావాది అయ్యారు. ఐదుపూటల నమాజు ఆయన తప్పలేదు. తన లక్షమంది సైనికులతో ఆయన చేయించినది ఆ మతం ప్రకారం జిహాదే.

ఆ సైన్యానికి పరీక్ష త్వరలోనే వచ్చింది. 1930 ఏప్రిల్ 23న గఫార్ ఖాన్‌ను నిర్బంధించారు. అదేరోజు పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో గుమిగూడిన నిరాయుధులపై సైన్యం కాల్పులు జరిపింది. ముందువరుస నేలకూలితే వెనుకవరుస ముందుకు వచ్చి నిలిచింది. కొందరు ఖురాన్‌ను చేతబట్టి గుండెలు చూపారు. అధికార లెక్కల్లో మృతులు ముప్పై మంది. ప్రజల లెక్కలో రెండు వందలకు పైమాటే. ఇంట ఇంట తుపాకులున్న జాతి అది. ఆ రోజు ఒక్క పఠాను కూడా తుపాకి తెచ్చి ఎదురు కాల్చలేదు. క్రోధాన్ని జయించడమంటే అదే కదా!

ఆనాటి మరొక ఘట్టం మన ఇళ్లల్లో పిల్లలకు చెప్పదగినది. కాల్పులకు పంపిన దళాలలో గఢ్వాల్ రైఫిల్స్ ఒకటి. బదరీనాథుడు, కేదారనాథుడు వెలసిన పుణ్యభూమి నుండి వచ్చిన హిందూ సైనికులు వారు. కాల్చమని ఆజ్ఞ వచ్చినప్పుడు హవల్దార్ చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన సహచరులు ఆయుధం లేని సోదరులపై తుపాకి పేల్చబోమని నిరాకరించారు. అందుకు చంద్రసింగ్‌కు యావజ్జీవశిక్ష పడింది. ఎందరో సహచరులు కూడా శిక్షలు అనుభవించారు. ఎదురుగా ఉన్నవారు ముస్లింలు, తాము హిందువులు అన్న భేదం ఆ రోజు వారికి కనిపించలేదు. ఆజ్ఞ పెద్దదా, ధర్మం పెద్దదా అన్న ప్రశ్నకు వారు తమ జీవితాలతో జవాబు చెప్పారు.

వార్ధాలో, బీహారులో

1934లో విడుదలైన గఫార్ ఖాన్‌కు సొంత ప్రాంతంలో అడుగు పెట్టరాదని ఆంక్ష విధించారు. అప్పుడాయన వార్ధాలో గాంధీజీ వద్ద నివసించారు. అక్కడి ప్రార్థనాసభల్లో పాల్గొన్నారు. అదే ఏడాది కాంగ్రెస్ అధ్యక్షపదవి స్వీకరించమని కోరితే, తాను కేవలం సైనికుణ్ణని చెప్పి నిరాకరించారు.

1938లో గాంధీజీ సరిహద్దు ప్రాంతానికి వెళ్లినప్పుడు ఉత్మాన్‌జైలో ఆయన ఇంటనే బస చేశారు. అతిథి రక్షణ పఠాన్లకు ప్రాణసమానం. అందుచేత రాత్రివేళ ఇంటిపై సాయుధులైన కాపలాదార్లను ఉంచారు. ఆ సంగతి తెలిసి గాంధీజీ నొచ్చుకోగా, గఫార్ ఖాన్ ఆయుధాలను తీసివేయించారు. తాను బోధించిన ధర్మం తన ఇంటి మిద్దెపైనే తప్పినదని తెలిసినప్పుడు సమర్థించుకోకుండా సరిదిద్దుకున్నారు. 1940లో యుద్ధసహకారానికి కాంగ్రెస్ షరతులతో సిద్ధపడినప్పుడు, అహింస తనకు రాజనీతి కాదని, విశ్వాసమని తలచి కార్యవర్గం నుండి వైదొలిగారు. 1942 క్విట్ ఇండియా పోరాటంలో లాఠీదెబ్బలకు ఆయన పక్కటెముకలు విరిగాయి.

దేశవిభజన సమయంలో మతద్వేషం దావానలమైంది. 1946 చివర బీహారులో హిందూ మూకలు ముస్లిం గ్రామాలపై పడ్డాయి. 1947లో గాంధీజీతో కలిసి గఫార్ ఖాన్ ఆ గ్రామాల్లో తిరిగారు. తనవారి శవాల నడుమ నిలిచి కూడా ఆయన హిందువులను ద్వేషించలేదు. ప్రతీకారం తలపెట్టమని ముస్లింలకు చెప్పలేదు. అదే సమయంలో ఆయన సొంత ప్రాంతంలో హిందువులు, సిక్కులు ప్రమాదంలో పడ్డారు. అప్పుడు పెషావర్‌లో వారి ప్రాణాలకు, ఇళ్లకు కాపలాగా నిలిచినవారు వేలాది ఖుదాయీ ఖిద్మత్‌గార్లు. ఆయన ఇక్కడ ముస్లింల కన్నీళ్లు తుడుస్తుండగా, ఆయన శిష్యులు అక్కడ హిందువులకు అడ్డు నిలిచారు. సమదర్శనమన్న మాటకు ఇంతకంటె భాష్యం రాయగలమా?

విభజనను ఆయన చివరివరకు వ్యతిరేకించారు. 1947 జూన్‌లో కాంగ్రెస్ నాయకత్వం విభజనకు అంగీకరించినప్పుడు ఆయన హృదయం బద్దలైంది. తమను నమ్ముకున్న పఠాన్లను విడిచిపెట్టారని ఆయన బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. మన స్వాతంత్ర్యం కోసం ఛాతీలు చూపినవారిని సరిహద్దుకు ఆవల వదిలి మనం పతాకం ఎగురవేసుకున్నాం. ఆ ఋణం మనకు ఇంకా తీరలేదు.

సొంతవారి చెరలో

పాకిస్థాన్ ఏర్పడ్డాక ఆయన ఆ దేశానికి విధేయత ప్రకటించారు. అయినా 1948 జూన్‌లో ఆయనను జైలుకు పంపారు. ఆ ఏడాది ఆగస్టు 12న చార్‌సద్దా వద్ద బాబ్రా మైదానంలో, తమ నాయకుని విడుదల కోరుతూ గుమిగూడిన నిరాయుధులపై కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య పదిహేను. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు చెప్పినది ఆరు వందలకు పైగా. ఆ సంస్థను నిషేధించారు. చంపినవారు, చనిపోయినవారు ఇరువురూ ఒకే మతానికి చెందినవారు. మతం పేరిట అధికారం కోరేవాడికి, మతాన్ని ఆచరించేవాడే తొలి శత్రువు.

ఆ నెలలోనే మన హైదరాబాదులోనూ అటువంటి ఘోరం జరిగింది. రజాకార్ల దౌర్జన్యాలను తన ఇమ్రోజ్ పత్రికలో ఎండగట్టిన యువ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను దుండగులు నడిరోడ్డుపై హత్య చేశారు. తెలంగాణ ప్రజల పక్షాన కలం పట్టి ప్రాణమిచ్చిన ఆయన ముస్లిం. రజాకార్లను తలచుకునే ప్రతిసారీ షోయబుల్లాను కూడా తలచుకోవడం మన ధర్మం.

గఫార్ ఖాన్ ఆంగ్లేయుల కాలంలోను, పాకిస్థాన్ పాలనలోను కలిపి దాదాపు మూడు దశాబ్దాలు చెరలో గడిపారు. ఆరోగ్యం పూర్తిగా క్షీణించాక 1964లో చికిత్సకై ఇంగ్లండు వెళ్లనిచ్చారు. ఆ తర్వాత ఆఫ్ఘనిస్థాన్‌లో ప్రవాసజీవితం గడిపి, 1972లో స్వదేశానికి తిరిగి వెళ్లారు. ఇన్నేళ్లలో ఆయన ఎవరిపైనా ప్రతీకారవాంఛ ప్రకటించలేదు.

1969లో గాంధీ శతజయంతికి ఆయన భారతదేశానికి వచ్చారు. బట్టల మూట ఒక్కటే ఆయన సామాను. స్వాగతం పలుకవచ్చిన ప్రధాని ఇందిరాగాంధీ దానిని అందుకోబోతే, తన మూటను తానే మోస్తానని ఆయన ఇవ్వలేదు. ఆయన రాకకు కొద్దిరోజుల ముందే అహ్మదాబాదులో మతకల్లోలం చెలరేగింది. దానిపై విచారణ జరిపిన సంఘానికి మన తెలుగువారైన జస్టిస్ పి. జగన్మోహన్‌రెడ్డి నాయకత్వం వహించారు. ఆరు వందలకు పైగా ప్రాణాలు పోయిన ఆ దారుణంలో అత్యధికులు ముస్లింలు. గాంధీ పుట్టిన గడ్డపై, ఆయన శతజయంతి వేళ! సన్మానాలు అందుకోవలసిన ఆ వృద్ధుడు ఢిల్లీలో మూడు రోజులు నిరాహారదీక్ష చేశారు. ఆ తర్వాత అహ్మదాబాదు వెళ్లి బాధితులను చూశారు. ఎవరినీ శపించలేదు. మన దోషాన్ని తన కడుపు మాడ్చుకుని మనకు చూపారు.

1987లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. 1988 జనవరి 20న పెషావర్‌లో ఆయన పరమపదించారు. ఆయన కోరిక మేరకు ఆఫ్ఘనిస్థాన్‌లోని జలాలాబాదులో ఖననం చేశారు. అప్పుడక్కడ భీకరయుద్ధం సాగుతున్నది. ఆ అంత్యయాత్ర కోసం కాల్పుల విరమణ ప్రకటించారు. వేలాది జనం సరిహద్దు దాటి వెంట నడిచారు. అయినా అంత్యక్రియల సమయంలో బాంబులు పేలి పదిహేను మంది వరకు మరణించారు. జీవితమంతా ఏ హింసతో పోరాడారో, ఆ హింస ఆయన సమాధి వరకు వెంట వచ్చింది.

ఎవరు యోధులు?

అంతటితోనూ ఆగలేదు. ఆయన జన్మస్థలానికి సమీపంలోని చార్‌సద్దాలో ఆయన పేరిట 2012లో విశ్వవిద్యాలయం వెలసింది. 2016 జనవరి 20న, సరిగ్గా ఆయన వర్ధంతినాడు, ఆయన స్మృతిలో కవిసమ్మేళనం జరుగుతున్న వేళ ఉగ్రవాదులు ఆ విశ్వవిద్యాలయంలో చొరబడి ఇరవై మందికి పైగా విద్యార్థులను, ఉద్యోగులను కాల్చి చంపారు. ఆ హంతకులు తమ పనిని జిహాద్ అనుకున్నారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలను, నమాజు చేసే తమ మతస్థులను చంపడం ఆ ధర్మంలో ఏ నియమానికి సరిపోతుంది? చనిపోయి మూడు దశాబ్దాలు కావస్తున్నా వారికి గఫార్ ఖాన్ అంటే అంత భయమెందుకు? ఆ పవిత్రపదానికి నిజమైన అర్థమేమిటో ఆయన జీవితం చూపిస్తున్నది కనుకనే.

ఈ మాట నేనొక్కణ్ణే అంటున్నది కాదు. 2008లో దేవ్‌బంద్ విద్యాపీఠం ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులో హైదరాబాదులో సమావేశమైన సుమారు ఆరువేల మంది మతపండితులు ఆ ధర్మనిర్ణయాన్ని బలపరిచారు. అదే నెలలో ముంబైపై దాడి చేసి హతులైన ఉగ్రవాదులకు తమ శ్మశానవాటికలో చోటివ్వబోమని అక్కడి ముస్లింలు నిరాకరించారు. ముస్లింలు ఉగ్రవాదాన్ని ఖండించరెందుకని ప్రశ్నించేవారు ఈ సంగతులు చెవిన వేసుకోవాలి.

మా ఆలయంలో ఆ యువకుడు ఈ చరిత్రంతా విని కొంతసేపు మౌనంగా కూర్చున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. ఆయనవంటి వారు ఎందరున్నారని. లెక్క నాకు తెలియదన్నాను. అయితే ఆయన వెంట నడిచిన లక్షమంది సామాన్యులు రైతులు, కూలీలు, పశువుల కాపరులు. పండితులు కారు. తమ మతం చెప్పినదనే నమ్మకంతోనే వారు తుపాకిని దించారు. మన వీధిలో చెప్పులు కుట్టే సాయిబు, పండుగకు గాజులు తెచ్చే సాయిబు, పీర్ల పండుగనాడు మన పిల్లలకు షర్బతు ఇచ్చే ఇరుగుపొరుగు ఆ కోవలోని వారు కారని మనమెట్లా నిర్ణయిస్తాం?

అరిషడ్వర్గాలలో క్రోధం రెండవది. తెలియని మనిషిపై తెలియకనే కలిగే ద్వేషం కూడా ఆ క్రోధమే. దానిని జయించడానికి చేసే ప్రయత్నాన్ని మనం సాధన అంటాం, వారు జిహాద్ అంటారు. ఆ పోరులో గెలిచినవాడు ఏ దేవాలయం ముందు నిలిచినా, ఏ మసీదులో మోకరిల్లినా పరమాత్మకు ప్రియుడే. ఈ ఆదివారం దీపారాధన వేళ మన పిల్లలకు ఆ నిరాయుధ సేనాని కథ చెప్పండి. ద్వేషం లేని మనస్సుతో వెలిగించిన దీపమే భగవంతునికి సమర్పణయోగ్యం.

సర్వే జనాః సుఖినో భవంతు.